నలుగురూ

క్రిందటి నెల ఈ శీర్షికలో అరుగుల మీద ఒక వ్యాసం వ్రాశాను. పాఠకులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. వీధి అరుగులు పోయి మనిషికి మనిషి కరువైపోయాడనీ, పలకరింపు లేని చోట ఆరోగ్యం కూడా ఉండదనీ బొత్తిగా కన్నీళ్ళు పెట్టుకొని వ్రాశాను. ఉత్తరాలు చాలా వచ్చినవి. అందరూ మెచ్చుకొన్నవారే. కొందరు తమ తాతగారి ఇంటి అరుగు ఎన్ని గజాల పొడవో కొలతలతో సహా వ్రాశారు. ఒకాయన ఏకంగా అరుగు ఫొటోయే పంపారు. దాని మీద ఇప్పుడు మోటారు సైకిలు నిలబెట్టి ఉన్నది.

మెచ్చుకోని పాఠకురాలు ఒక్కరే. ఆవిడ మా ఇంట్లోనే ఉన్నది.

మా మేనత్తకు ఎనభై ఆరేళ్ళు. చదివింది అయిదో తరగతి. అయినా వారపత్రిక రాగానే మొదట సీరియల్, ఆ తరువాత కార్టూన్లు, ఆ తరువాత వారఫలాలు, ఇంకా ఓపిక మిగిలితే నా పేజీ చదువుతుంది. ఆ వేళ ఓపిక మిగిలింది. చదివి, పత్రిక ఒళ్ళో పెట్టుకొని, కళ్ళజోడు తీసి, "ఒరే అబ్బాయ్, ఈ అరుగు ఎవరిదిరా?" అన్నది.

"మనదే అత్తయ్యా. మన ఊరి ఇంటిదే."

"ఓహో. దాని మీద నేనెప్పుడు కూర్చున్నాను?"

నేను కాఫీ తాగుతున్నాను. గ్లాసు అట్లాగే పట్టుకొని ఉండిపోయాను. ఆలోచించి చూస్తే నిజమే. ఆ అరుగు మీద మా తాతగారు కూర్చునేవారు, మా నాన్నగారు కూర్చునేవారు, దారినపోయే దానయ్య అయినా కూర్చునేవాడు. మా అత్తయ్య మాత్రం తలుపు వెనక నిలబడి మజ్జిగ గ్లాసులు అందించేది. చెయ్యి కనబడేది, మనిషి కనబడేది కాదు.

ఆ వ్యాసంలో నేను అమెరికాలోని ఒక చిన్న ఊరి సంగతి చెప్పాను. చదవనివారి కోసం మళ్ళీ టూకీగా చెబుతాను. పెన్సిల్వేనియా రాష్ట్రంలో రొసేటో అని ఒక ఊరు ఉన్నది. ఇటలీ దక్షిణాన ఒక కొండపల్లె నుంచి పలకరాతి గనులలో పనికోసం వచ్చినవాళ్ళు కట్టుకొన్నది. పాత ఊరి పేరే కొత్త ఊరికీ పెట్టుకొన్నారు. జనాభా పదహారు, పదిహేడు వందలు. ఆ ఊళ్ళో గుండెపోటు రావడం చాలా అరుదని అక్కడి వైద్యుడొకరు స్టూవర్ట్ ఉల్ఫ్ అనే పెద్ద డాక్టరుతో అన్నారు. ఉల్ఫ్ తన బృందంతో వెళ్ళి పరీక్షలు చేశాడు. వాళ్ళేమైనా పథ్యంగా తింటున్నారా అంటే అదేమీ లేదు. పందికొవ్వులో వేయించుకొని తింటారు, ద్రాక్షసారా తాగుతారు, చుట్టలు కాలుస్తారు. పక్కనున్న బాంగర్ అనే ఊరికీ అవే నీళ్ళు, వాళ్ళే డాక్టర్లు. అక్కడ గుండెజబ్బులు అందరికీ వచ్చినట్టే వస్తున్నవి. తేడా అల్లా ఏమిటంటే, రొసేటోలో మూడు తరాలు ఒక్క కప్పు కింద ఉండేవి. ఉన్నవాడు తన కలిమి చూపించుకొనేవాడు కాడు. వీధిలో ఇద్దరు ఎదురైతే నిలబడి పలకరించుకోవలసిందే. 1964లో ఈ సంగతి అమెరికన్ వైద్యసంఘం పత్రికలో అచ్చయింది. పిల్లలు కొత్త పద్ధతులకు మళ్ళితే ఈ రక్ష పోతుందని ఆ వైద్యులు అప్పుడే అన్నారు. అట్లాగే అయింది. విడి ఇళ్ళు, పెద్ద కార్లు వచ్చినవి. 1971లో నలభై అయిదేళ్ళయినా నిండని మనిషి ఒకరు గుండెపోటుతో పోయారు. వాళ్ళ లెక్కలో అటువంటిది అదే మొదటిది. 1992లో యాభై ఏళ్ళ మరణాల లెక్కలు ప్రకటించేసరికి, రొసేటోకూ బాంగర్‌కూ ఉన్న తేడా ఎప్పుడో చెరిగిపోయిందని తేలింది.

చిన్న ఊరు, చిన్న లెక్కలు గనుక దీన్ని ఎంతవరకు నమ్మవచ్చునో వైద్యులు వాదించుకొంటూనే ఉన్నారు. ఈ మాట నేను పోయిన వ్యాసంలో వ్రాయలేదు. వ్రాస్తే నా అరుగు పునాది కదులుతుందని భయం. అయితే ఒంటరితనం ఒంటికి చేటు అన్న సంగతి ఇప్పుడు రొసేటో ఒక్కదాని మీద ఆధారపడి లేదు. బ్రిటనులో 2018లో దాని కోసం ఒక మంత్రినే నియమించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో కమిషన్ వేసింది. మా అత్తయ్యకు ఇదంతా చదివి వినిపించాను. సాంతం విని, "ఆ ఇటలీవాళ్ళ ఊళ్ళో మూడు తరాలకూ వండిందెవరురా?" అన్నది. డాక్టరుగారు వ్రాసినదానిలో నేను ఆ జవాబు వెదకలేదు.

తెలుగు పాఠం చెప్పుకొనేవాణ్ణి గనుక నాకు ప్రతిదీ చివరికి ఒక మాట దగ్గరకు వచ్చి ఆగుతుంది. ఇక్కడ ఆ మాట 'నలుగురు'. అంకెల్లో నాలుగుకు మన భాషలో ఉన్నంత పెత్తనం మరి దేనికీ లేదు. నలుగురిలో పరువు. నలుగురితో పాటు నారాయణా. నలుగురు నడిచే దారి. నలుగురూ నవ్విపోతారు. ఆఖరికి మోసేదీ ఆ నలుగురే. 2004లో ఆ మాట మీదనే ఒక సినిమా కూడా వచ్చి బాగా ఆడింది. జ్వరం వస్తే కషాయం పట్టుకొచ్చేదీ నలుగురే, ఆడపిల్ల నవ్వితే ముక్కున వేలేసుకొనేదీ నలుగురే. రెండు పనులకూ మనవాళ్ళు ఒక్క మాటనే వాడుకొన్నారు. రెండు మాటలు పుట్టించుకోలేక కాదు, రెండూ చేసే మనుషులు ఒకరే గనుక.

మా అత్తయ్య కథ ఆ నలుగురి కథే. 1951లో పన్నెండో ఏట పెళ్ళి అయింది. బాల్యవివాహం తప్పని 1929 నాటి శారదా చట్టం చెబుతూనే ఉన్నది, మా ఊళ్ళో మేళం మోగుతూనే ఉన్నది. 1958లో, పంతొమ్మిదో ఏట, భర్త పోయాడు. పుట్టింటికి తీసుకువచ్చారు. జుట్టు తీయించలేదు. అది మా నాయనమ్మ పట్టుదల. తక్కినవన్నీ జరిగినవి. తెల్లచీర కట్టింది, పేరంటాలకు దూరమైంది, ఎవరైనా ఊరికి బయలుదేరుతుంటే ఎదురు రాకుండా పక్కకు తప్పుకోవడం నేర్చుకొన్నది.

సాయంత్రం మా తాతగారి అరుగు మీద కూర్చునేవారు సరిగ్గా నలుగురు. కరణంగారు, గుడి పూజారిగారు, రిటైరైన హెడ్మాస్టరుగారు, శనాదివారాలకు టౌను నుంచి వచ్చే ప్లీడరుగారు. అత్తవారి తరఫున మా అత్తయ్యకు ఏమీ రాదనీ, తిండికి మాత్రం ఏదో ఇస్తామనీ కబురు వచ్చినప్పుడు ప్లీడరుగారు అరుగు మీదనే కాగితం తీసి వ్రాసుకొన్నారు. వితంతువుకు బ్రతికినన్నాళ్ళు అనుభవించడమే గాని అమ్ముకొనే హక్కు లేని రోజులు పోయినవనీ, 1956 వారసత్వ చట్టం ప్రకారం భర్త వాటాలో ఆమెకు వచ్చేది పూర్తిగా ఆమెదేననీ చెప్పారు. కరణంగారు లెక్కలు వెదికి ఇచ్చారు. హెడ్మాస్టరుగారు నోటీసు ముసాయిదా దిద్దారు. ఫీజు పైసా పుచ్చుకోకుండా ఎకరం ముప్పై సెంట్లు ఆమె పేర పడేదాకా ఆ నలుగురూ నిద్రపోలేదు. ఈనాటికీ మా అత్తయ్య మందుల ఖర్చు ఆ ఎకరం ముప్పై సెంట్ల మీదనే వెళుతున్నది. నా చేతి డబ్బు ముట్టుకోదు.

ఇది 1959 మాట. మరుసటి ఏడు గ్రామసేవిక ఒకామె మా ఇంటికి వచ్చింది. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలకు, రెండేళ్ళలో మెట్రిక్ దాకా చెప్పించే క్లుప్తమైన కోర్సులను సెంట్రల్ సోషల్ వెల్ఫేర్ బోర్డు తరఫున దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు 1958లో మొదలుపెట్టారు. దుర్గాబాయిగారు పుట్టింది రాజమహేంద్రవరంలోనే. చిన్ననాటి పెళ్ళిని కాదని బయటికి నడిచిన మనిషి. చదువు విలువ ఎవరికి ఎక్కువగా కావాలో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు. హాస్టలు ఉన్నది, భోజనం ఉన్నది, చదువు పూర్తిచేసినవాళ్ళకు బడిపంతులమ్మ ఉద్యోగమో నర్సు ఉద్యోగమో దొరుకుతున్నది అని గ్రామసేవిక చెప్పింది. మా అత్తయ్య తలుపు వెనక నిలబడి వింటున్నది. పెట్టెలో చీరలు ఎన్ని పట్టేదీ కూడా ఆ రాత్రే లెక్కవేసుకొన్నానని ఈ మధ్య చెప్పింది.

మా తాతగారు చెడ్డవారు కారు. కూతురి ముఖం చూసి సగం ఒప్పుకొన్నారు కూడా. కాని మరునాటి సాయంత్రం సంగతి అరుగు మీద పెట్టారు. పూజారిగారు ఏమనాలో అదే అన్నారు. కరణంగారు కాలం మంచిది కాదన్నారు. భూమి ఇప్పించిన ప్లీడరుగారు, "పొలం అయితే ఉన్నచోటనే ఉంటుందండీ. మనిషి అట్లా ఉండదు గదా" అన్నారు. ఇక మిగిలింది హెడ్మాస్టరుగారు. ముప్పై ఏళ్ళు పిల్లలకు చదువు చెప్పిన మనిషి. ఆయన ఒక్క మాట అంటే మా తాతగారు పంపేవారేనని మా అత్తయ్య నమ్మకం. ఆయన కండువా సర్దుకొని ఊరుకొన్నారు.

"ఔనన్న వాళ్ళ మీద నాకు కోపం లేదు, కాదన్న వాళ్ళ మీదా లేదు. ఆ కండువా మాత్రం నాకు ఇప్పటికీ కనబడుతుంది" అన్నది మా అత్తయ్య. ఆ వెంటనే, నేను కలం తీస్తానని భయపడ్డదో ఏమో, "నాకు టైఫాయిడు వచ్చినప్పుడు రాత్రికి రాత్రి బండి కట్టించి ఆసుపత్రికి తెచ్చింది కూడా ఆయనేలే. ఇరవై ఒక్కరోజులూ ఇంటింటి నుంచీ పథ్యం వచ్చింది. అది కూడా వ్రాయి" అన్నది. వ్రాశాను.

నేను పనిచేసేది రాజమహేంద్రవరంలో. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న మొట్టమొదటి వితంతు వివాహం జరిపించిన ఊరు. అక్కడికి మా పల్లె ఇరవై మైళ్ళు. 1958 నాటికి డెబ్భయి ఏడేళ్ళు గడిచినా ఆ వివాహం ఇరవై మైళ్ళు నడిచి మా గడప దాకా రాలేదు. మా అత్తయ్యకు మళ్ళీ పెళ్ళి చేద్దామన్న మాట ఆ ఇంట్లో ఎవరి నోటా పుట్టలేదు. పంతులుగారు నలుగురికీ భయపడలేదని నేను ఇరవై ఏళ్ళుగా క్లాసులో చెబుతున్నాను. పిల్లలు పరీక్షలో అదే వ్రాస్తారు, నేను అదే దిద్దుతాను. ఇప్పుడు చూస్తే నేను చెప్పినది సగమే. ఊరు వెలివేసినప్పుడు ఆయన వెంట నిలబడ్డవాళ్ళు ఉన్నారు. డబ్బిచ్చిన కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారున్నారు. కాపలా కాసిన విద్యార్థులున్నారు. వంటవాళ్ళు రాకపోతే తానే చెయ్యి వేసిన భార్య రాజ్యలక్ష్మమ్మగారున్నారు. పాత నలుగురిని కాదనడానికి ఆయనకు కొత్త నలుగురు దొరికారు. మా అత్తయ్యకు తలుపు వెనక ఎవరు దొరుకుతారు?

ఊళ్ళో ఇల్లు అమ్మివేశాక ఆవిడ మా వాటాకు వచ్చింది. ఇరవై నాలుగు వాటాల భవనం. మాది మూడో అంతస్తు. మొదటి ఏడాది చాలా కష్టపడింది. తలుపు తీస్తే ఎదురుగా ఇంకో మూసిన తలుపు. నేనూ మా ఆవిడా ఉద్యోగాలకు, పిల్లలు బడికి. టీవీలో మనుషులు ఏడుస్తుంటే చూసి తానూ ఏడ్చేది. నిద్ర పట్టేది కాదు, రక్తపోటు పెరిగింది. అరుగుల వ్యాసానికి నాకు పుట్టిన ఆలోచన అసలు ఆ రోజులలోదే.

తరువాత ఒకనాడు లిఫ్టు చెడిపోయి కింద చిక్కుకుపోయింది. వాచ్‌మన్ తన ప్లాస్టిక్ కుర్చీ వేశాడు. రెండు గంటలు కూర్చున్నది. మరునాడు లిఫ్టు బాగానే ఉన్నది, ఆవిడ మళ్ళీ దిగి కూర్చున్నది. ఇప్పుడు ఉదయం బడి బస్సుల వేళ, సాయంత్రం నాలుగు నుంచి దీపాలు పెట్టేదాకా, సెల్లారులో లిఫ్టు పక్కన ఆ కుర్చీ ఆవిడదే. అయిదో అంతస్తు తాళంచెవి, రెండో అంతస్తు పార్సెలు, ఎవరి పిల్లవాడిదో నీళ్ళ సీసా, అన్నీ ఆవిడ ఒళ్ళోనే. ఎనభై దాటాక మొదటిసారిగా ఆవిడ వీధికి ఎదురుగా కూర్చున్నది. పెళ్ళికి వెళ్ళేవాళ్ళు కూడా ఆవిడ ముందునుంచే కారెక్కుతారు. తప్పుకోమని ఎవరూ అనలేదు. మొదట్లో ఆవిడే లేవబోయేది. రక్తపోటు మాత్ర ఇప్పటికీ వేసుకొంటున్నది. కుర్చీ వల్ల తగ్గిందని నేను చెప్పను. నిద్రమాత్ర మాత్రం అడగడం మానివేసింది.

అసలు చెప్పవలసింది ఇక్కడ ఉన్నది. మొన్న వాటాదారుల సంఘం సమావేశం ఆ సెల్లారులోనే జరిగింది. నాలుగో అంతస్తులో ఒక వాటా ఖాళీ. బ్యాంకులో పనిచేసే ఒక అమ్మాయి అద్దెకు అడిగింది. ఆరేళ్ళ పిల్లవాడు ఉన్నాడు, భర్తతో పొసగక విడిగా ఉంటున్నది. సెక్రటరీగారు మర్యాదస్థులు. "నాకు వ్యక్తిగతంగా ఏమీ అభ్యంతరం లేదండీ. కాని రేపు నలుగురూ ఏమంటారో అది కూడా చూసుకోవాలి గదా" అన్నారు. ఇద్దరు ముగ్గురు తలలు ఊపారు. నేనూ అక్కడే ఉన్నాను. అరుగుల మీద, మానవ సంబంధాల మీద ఈ పేజీలో వారం వారం వ్రాసే నేను, ఏమీ అనలేదు. ఊరికే సెక్రటరీగారితో మాట పట్టింపు ఎందుకు అనుకొన్నాను.

కుర్చీలోంచి మా అత్తయ్య, "సెక్రటరీ నాయనా, ఆ నలుగురూ ఎవరో పేర్లు చెప్పు. నేను పోయి అడిగి వస్తాను" అన్నది.

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"పోనీ, ఒకదాన్ని నేనే అనుకోండి. నేనేమీ అనను. ఇంకా ముగ్గురు కావాలి."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయిన రెండో అంతస్తు ఆయన గొంతు సవరించుకొని, "నేనూ ఏమీ అననండీ అమ్మగారూ" అన్నారు. తరువాత, ఏ సమావేశంలోనూ నోరు విప్పని అయిదో అంతస్తు ఇల్లాలు చెయ్యెత్తింది. నాలుగోవాణ్ణి నేను. రెండోవాణ్ణి కావడానికి నాకేమీ అడ్డం లేకపోయినా నాలుగోవాణ్ణే అయ్యాను.

పైకి వచ్చాక, "హెడ్మాస్టరుగారు కూడా అచ్చం అట్లాగే కండువా సర్దుకొన్నాడు" అన్నది మా అత్తయ్య.

"నాకు కండువా లేదు అత్తయ్యా."

"ఫోను చూసుకొన్నావు గదా."

ఆ అమ్మాయి వచ్చి చేరింది. అంతటితో కథ సుఖాంతమని వ్రాస్తే సంపాదకులు సంతోషిస్తారు గాని, ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. చేరిన మూడో రోజునే మా అత్తయ్య ఆ అమ్మాయిని ఆపి, మీ ఆయన ఏం చేస్తాడు, తాగుతాడా, కొడతాడా, కోర్టులో పడిందా అని నాలుగు ప్రశ్నలు వరసగా అడిగింది. ఆ తరువాత వారం రోజులపాటు ఆ అమ్మాయి వెనక మెట్ల దారినే రాకపోకలు సాగించింది. పాత అరుగు గాలి ఆ కుర్చీకి కూడా సోకింది. మా ఆవిడ మెల్లగా చెబితే అత్తయ్య ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. మరునాడు ఉసిరికాయ పచ్చడి ఒక సీసాలో పెట్టి మా ఆవిడ చేత పైకి పంపింది. సీసా తిరిగి ఇవ్వడానికి పిల్లవాడు వచ్చాడు. ఇప్పుడు వాడు బడి బస్సు దిగి, వాళ్ళమ్మ బ్యాంకు నుంచి వచ్చేదాకా ఆ కుర్చీ పక్కనే మెట్టు మీద కూర్చుని ఎక్కాలు చదువుతున్నాడు. పదమూడో ఎక్కం దగ్గర ఇద్దరూ తడబడుతున్నారు.

ఈ వ్యాసం అచ్చుకు పంపేముందు అత్తయ్యకు చదివి వినిపించాను. ఆవిడ ఒప్పుకోనిదే పంపకూడదని ఈసారి నియమం పెట్టుకొన్నాను. మొత్తం విని, "టైఫాయిడు సంగతి బాగానే వ్రాశావు. గ్రామసేవిక సంగతి ఇంకొంచెం వ్రాయవలసింది. ఆవిడ మూడుసార్లు వచ్చింది, ఒకసారి కాదు" అన్నది. సరిదిద్దుతానన్నాను. "సరేగాని, ఈ వారం సీరియల్లో ఆ పిల్ల ఉత్తరం చింపిందా లేదా?" అని పత్రిక కోసం చెయ్యి చాపింది.